అప్పమూ, పాత్రా: ఒక అనుమతి కథ

తెలుగు క్రైస్తవులున్న ఊళ్లలో తరచుగా రెండు దేవాలయాలు కనిపిస్తాయి. ఒకటి కతోలికులది, జనం నోట అది ఆర్‌.సి.ఎం. చర్చి. రెండోది లూథరన్ సంఘానిదో, దక్షిణ ఇండియా సంఘానిదో అయివుంటుంది. ఏసుక్రీస్తు తన శిష్యులతో కలిసి చేసిన కడపటి రాత్రి భోజనాన్ని స్మరించే ఆరాధన రెండు చోట్లా జరుగుతుంది. లూథరన్ల 'ప్రభువు బల్ల' దగ్గరికి వచ్చినవారికి రొట్టె, ద్రాక్షారసం రెండూ ఇస్తారు. కతోలికుల దివ్యబలిపూజలో వరసలో నిలబడ్డవారికి మాత్రం సాధారణంగా పల్చని తెల్లని అప్పం ఒక్కటే అందుతుంది. పాత్రలోని రసం పూజ చేసే గురువు తీసుకుంటారు. ఒకే భాష, ఒకే గ్రంథం, పక్కపక్క వీధులు. భోజనం దగ్గరికి వచ్చేసరికి ఒకచోట రెండు, ఒకచోట ఒకటి.

ఎందుకిలా అని అడిగితే చాలామంది 'మొదటినుంచీ అంతే' అంటారు. మొదటినుంచీ అలా లేదు. పైగా ఈ తేడా మన నేలమీద పుట్టిందీ కాదు. అమెరికా లూథరన్ మిషనరీ హెయర్ 1842లో గుంటూరు చేరేనాటికే దీని వయసు నాలుగువందల ఏళ్లు దాటింది. ఎవరి సంఘం ఆచారాన్ని వారు తమతోపాటు తెచ్చుకున్నారు, అంతే. తగవు అసలు రాజుకున్న చోటు ఐరోపా నడిబొడ్డున ఉన్న బొహీమియా. నేటి చెక్ దేశంలో పడమటి భాగం. అక్కడ ఈ పాత్ర కోసం ఊళ్లు తగలబడ్డాయి, సైన్యాలు నడిచాయి, రాజులు సింహాసనాలకు ముప్పు తెచ్చుకున్నారు.

నేను దైవశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో కాగితాలు చూస్తూ తల నెరిసినవాణ్ణి. ఏ మంజూరు పత్రం చేతికొచ్చినా మా వృత్తిలో ముందుగా మూడు సంగతులు చూడాలి. ఇచ్చినవారికి ఇచ్చే అధికారం ఉందా? అది ఎవరెవరికి వర్తిస్తుంది? ఏ షరతు మీద రద్దవుతుంది? ఈ చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు ఆ మూడు ప్రశ్నలే ఎదురవుతూ వచ్చాయి. సామాన్య విశ్వాసులకు పాత్ర ఇస్తున్నామని చెప్పే ముఖ్యమైన పత్రాలు నాకు నాలుగు కనిపించాయి. వాటిలో రెండు చెల్లకుండా పోయాయి, రెండు నిలిచాయి. ఎందుకలా జరిగిందో తెలిస్తే ఈ తగవులోని అసలు నొప్పి కొంత అర్థమవుతుంది.

ముందుగా పూర్వాచారం. మొదటి వెయ్యేళ్లకు పైగా సంఘమంతా కూడిన ఆరాధనలో తూర్పు దేశాల్లోనూ, పడమటి దేశాల్లోనూ సామాన్యులకు అప్పం, రసం రెండూ ఇచ్చేవారు. మినహాయింపులు లేకపోలేదు. రోగుల ఇళ్లకూ, దూరాన ఉన్నవారికీ అప్పం ఒక్కటే పట్టుకెళ్లేవారు. అప్పం మింగలేని పసిపిల్లల నోట రసపు చుక్క ఒక్కటే వేసేవారు. ఒక రూపంలో తీసుకుంటే లోపమని అప్పుడెవరూ అనుకోలేదు. కాని ఇష్టపడి రసాన్ని మానడం వేరు సంగతి. అయిదో శతాబ్ది చివర పోపుగా ఉన్న గెలాసియుస్ (492-496), అప్పం మాత్రం తీసుకుని పాత్రకు దూరంగా ఉంటున్న కొందరి సంగతి విని కోప్పడ్డాడు. రెండూ తీసుకోవాలి, లేకుంటే రెండూ మానాలి అన్నది ఆయన తీర్పు. వారు ద్రాక్షారసాన్నే అపవిత్రంగా భావించే మనికేయ మతం ప్రభావంలో ఉన్నవారై ఉంటారని చరిత్రకారులంటారు. తరువాతి కాలంలో పాత్ర కోరినవారందరూ గెలాసియుస్ మాటను తమ సాక్ష్యంగా చూపించారు.

మరి పడమటి దేశాల్లో సామాన్యుడి నోటికి పాత్ర ఎలా దూరమైంది? ఎవరో ఒకరోజు ఆజ్ఞ రాసి తీసేయలేదు. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో మెల్లమెల్లగా జారిపోయింది. కారణం భక్తే. అది క్రీస్తు రక్తమన్న విశ్వాసం బలపడినకొద్దీ ఒక్క చుక్క నేలమీద ఒలుకుతుందేమోనన్న భయమూ పెరిగింది. పండుగనాడు గుంపులో ముసలివారుంటారు, పిల్లలుంటారు, తోపులాట ఉంటుంది. కొన్నిచోట్ల లోహపు గొట్టంతో పీల్చే పద్ధతి పెట్టారు. కొన్నిచోట్ల అప్పాన్ని రసంలో ముంచి ఇచ్చారు. ముంచి ఇవ్వడం 675లో బ్రాగా సభకు నచ్చలేదు. 1095లో క్లెర్మాంట్ సభ కూడా అవసరమైతే తప్ప దేహాన్నీ రక్తాన్నీ వేరువేరుగానే తీసుకోవాలంది. చివరికి అన్నిటికన్నా సులువైన దారి మిగిలింది. పాత్రను గురువుల దగ్గరే ఉంచేశారు. 1274లో చనిపోయిన మహాపండితుడు థామస్ అక్వినాస్, కొన్ని దేవాలయాల్లో పాటిస్తున్న ఈ ఆచారం జాగ్రత్త దృష్ట్యా మంచిదేనని రాశాడు. 'కొన్ని దేవాలయాల్లో' అన్న మాట గమనించాలి. ఆయన కాలానికి అది ఇంకా ఆచారమే, చట్టం కాలేదు.

ఈ ఆచారానికి వెన్నుదన్నుగా ఒక సిద్ధాంతమూ ఉంది. జీవించివున్న క్రీస్తు దేహాన్ని, రక్తాన్ని విడదీయడం సాధ్యం కాదు. కనుక అప్పంలోనూ ఆయన సంపూర్ణంగా ఉన్నాడు, రసంలోనూ సంపూర్ణంగానే ఉన్నాడు. ఒకటి తీసుకున్నవాడు సగం తీసుకున్నట్టు కాదు. ఈ మాటలో తర్కం గట్టిదే. పాత్ర కోసం పోరాడినవారిలో కూడా చాలామంది దీన్ని కాదనలేదు. వారి ప్రశ్న వేరు. రెంటిలోనూ నిండుగా ఉన్నప్పుడు, క్రీస్తు రెండూ ఎందుకిచ్చాడు? ఇచ్చినవాడు ఇచ్చినదాన్ని మధ్యవారు ఆపవచ్చునా?

ఆ ప్రశ్న గట్టిగా అడిగినవారు చెక్ భాష మాట్లాడే ప్రజలు. 1391లో ప్రాగ్ నగరంలో బెత్లెహేం ప్రార్థనాలయం వెలసింది. చెక్ భాషలో ప్రబోధం చేయడానికే దాన్ని కట్టారు. పూజ లాటిన్‌లో, విశ్వవిద్యాలయంలో చదువు లాటిన్‌లో, ఊళ్లో వ్యాపారాల్లో పలుకుబడి చాలావరకు జర్మన్ మాట్లాడేవారిది. అలాంటి నగరంలో తమ మాటలో దేవుడి సంగతి వినడానికి జనం వేలసంఖ్యలో అక్కడికి వచ్చేవారు. 1402 నుంచి అక్కడ ప్రబోధకుడు యాన్ హుస్. గురువుల ధనాశను, పదవుల అమ్మకాన్ని ఆయన ఎండగట్టాడు. సొంత భాషలో విన్నవారికి సొంతంగా ఆలోచించే అలవాటు వస్తుంది. పాత్ర కావాలన్న కోరికకు ముందు ఈ భాష సంగతి ఉందని మనబోటివాళ్లం గుర్తుపెట్టుకోవాలి.

పాత్రను మొదట తిరిగి ఇచ్చింది మాత్రం హుస్ కాదు. ఆయన సహచరుడు, స్త్రీబ్రో ఊరివాడైన యాకుబెక్. 1414 శరత్కాలంలో ప్రాగ్‌లోని కొన్ని దేవాలయాల్లో సామాన్యులకు అప్పంతోపాటు పాత్ర కూడా ఇవ్వడం మొదలైంది. అప్పటికి హుస్ కాన్‌స్టన్స్ నగరంలో జరుగుతున్న మహాసభకు ప్రయాణమై వెళ్లాడు. చక్రవర్తి కాబోతున్న సిగిస్మండ్ ఆయనకు రక్షణపత్రం ఇచ్చాడు. ఆ పత్రం ఆయన్ని కాపాడలేదు. నవంబరులో చేరినవాణ్ణి ఆ నెలాఖరులోనే పట్టి బంధించారు.

1415 జూన్ 15న మహాసభ పాత్ర గురించి తీర్మానం చేసింది. ఆదిలో విశ్వాసులు రెండు రూపాల్లోనూ తీసుకున్నారని ఆ తీర్మానమే ఒప్పుకుంటుంది. అయితే కొన్ని ప్రమాదాలు తప్పించడానికి ఒక్క అప్పమే ఇచ్చే ఆచారం సహేతుకంగా ఏర్పడిందనీ, ఇకపై దాన్ని చట్టంగా పాటించాలనీ, శ్రీసభ అధికారం లేకుండా ఎవరూ మార్చరాదనీ శాసించింది. పాత్ర ఇచ్చే గురువులకు బహిష్కార శిక్ష. ఆచారం చట్టమైన రోజు అదే. మూడు వారాలకు, జులై 6న, హుస్‌ను కొయ్యకు కట్టి సజీవంగా కాల్చారు. చెరసాలనుంచి రాసిన చివరి ఉత్తరాల్లో ఒకదానిలో, పాత్రకు అడ్డుచెప్పవద్దని ఆయన బెత్లెహేంలోని తన సహచర ప్రబోధకుణ్ణి కోరాడు.

చనిపోయినవాడి మాట, నిషేధించిన పాత్ర ఒకటైపోయాయి. ఆ సెప్టెంబరులో బొహీమియా, మొరావియాలకు చెందిన 452 మంది ప్రభువులు ముద్రలు వేసి మహాసభకు నిరసన పత్రం పంపారు. 1417 మార్చిలో ప్రాగ్ విశ్వవిద్యాలయం పాత్ర ఇవ్వడం సరైనదేనని ప్రకటించింది. పసిపిల్లలకు కూడా ఇవ్వసాగారు. లాటిన్‌లో 'రెండు రూపాల కింద' అనే అర్థమున్న మాటనుంచి వీరికి ఉట్రాక్విస్టులనే పేరొచ్చింది. మన భాషలో ఉభయరూపవాదులనవచ్చు.

తరువాతి పదిహేనేళ్లూ నెత్తురే. 1419 జులైలో ప్రాగ్ కొత్త పట్టణపు నగరసభ భవనం కిటికీలోంచి అధికారుల్ని కిందికి తోసి చంపారు. 1420లో పోపు మార్టిన్ వీరిమీద ధర్మయుద్ధం ప్రకటించాడు. ప్రాగ్ ప్రజలు నాలుగు కోరికలు ప్రకటించారు: దేవుని వాక్యాన్ని అడ్డులేకుండా ప్రబోధించడం, అందరికీ రెండు రూపాల్లో సత్ప్రసాదం, గురువులకు ఆస్తిపాస్తులు లేకపోవడం, ఘోరపాపాలకు ఎంతటివారికైనా శిక్ష. ఒంటికన్ను సేనాని యాన్ జిజ్కా రైతుల బళ్లనే కోటగోడలుగా నిలిపి పెద్ద సైన్యాలను ఓడించాడు. వారి జెండా మీద పాత్ర. జిజ్కా తన కోటకు పెట్టుకున్న పేరు 'కలిఖ్'. చెక్ భాషలో ఆ మాటకు అర్థం పాత్ర అనే. ఈ కథలో ఒక పక్షమే క్రూరమైనదనడానికి వీల్లేదు. కుట్నా హోరా వెండిగనుల్లో హుస్ అనుచరులను పాతాళమంత గుంటల్లోకి తోసి చంపారు. 1421లో ఖొముటోవ్ పట్టణాన్ని పట్టుకున్న హుస్ అనుచరులు అక్కడి జనాన్ని ఊచకోత కోశారు.

ఒక గుక్కెడు ద్రాక్షారసం కోసం ఇంత ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు మన మాటలోనే ఉందనిపిస్తుంది: పంక్తిభేదం. విందుకు పిలిచి, ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, కొందరి విస్తట్లో వడ్డించి కొందరిని దాటిపోతే, దాటిపోయిన పదార్థం ఏమిటన్నది ఎవరూ అడగరు. నెయ్యి వడ్డించనివాడికి అన్నంతో కడుపు నిండదని కాదు. 'నీకు కావలసిన బలమంతా అన్నంలోనే ఉంది' అని ఎంత శాస్త్రీయంగా చెప్పినా వాడి మనసుకు ఎక్కదు. ప్రభువు భోజనంలో గురువుకు రెండు, గృహస్థుకు ఒకటి అని చట్టమయ్యాక, క్రైస్తవుల్లో రెండు తరగతులున్నాయన్న సంగతి ప్రతి ఆదివారం అందరి కళ్లముందూ రుజువయ్యేది. ఆచారంగా ఉన్నంతకాలం పట్టించుకోనివారికి కూడా అది చట్టమయ్యేసరికి గుచ్చుకుంది.

యుద్ధంలో గెలవలేక మహాసభ చర్చకు దిగింది. 1433 జనవరిలో హుస్ అనుచరుల ప్రతినిధులు బాసెల్ నగరంలోని మహాసభ ముందు నిలబడి వాదించారు. మతద్రోహులని ముద్రపడినవారిని సమానంగా కూర్చోబెట్టి వినడం ఆ కాలానికి అపూర్వం. ఆ చర్చల ఫలితమే మొదటి పత్రం. కొంపక్తాతా అనే ఒప్పందం. 1436 జులై 5న యిహ్లావా పట్టణంలో, సిగిస్మండ్ సమక్షంలో అది ప్రకటితమైంది. బొహీమియా, మొరావియాల్లో ఆ ఆచారమున్నవారిలో కోరిన పెద్దలకు రెండు రూపాల్లో ఇవ్వవచ్చు. అయితే ఏ ఒక్క రూపంలోనైనా క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడని గురువు ముందుగా చెప్పాలి. చెక్ ప్రజలు ఆనందించారు. పదిహేడేళ్ల యుద్ధం ముగిసింది.

ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలు వేసి చూద్దాం. ఇచ్చింది ఎవరు? బాసెల్ మహాసభ. ఆ సభకూ, పోపు యుజీన్‌కూ అప్పటికే పడడం లేదు. 1439లో సభ పోపును పదవినుంచి తొలగించినట్టు ప్రకటించింది. చివరికి నెగ్గింది పోపే. ఒప్పందానికి రోము ధ్రువీకరణ రానేలేదు. పై అధికారి సంతకం లేని మంజూరు అది. ఎవరికి వర్తిస్తుంది? 'ఆచారమున్నవారికి' అన్న మాటను చెక్ ప్రజలు తమ దేశానికంతటికీ, తరతరాలకూ అని చదువుకున్నారు. రోము అప్పటికి ఆ అలవాటున్న మనుషులకు మాత్రమేనని చదివింది. ఒకే వాక్యం, రెండు చదువులు. ఇక రద్దు షరతు పత్రంలో స్పష్టంగా లేదు. లేనప్పుడు అది బలవంతుడి చేతిలో ఉంటుంది.

దీని పర్యవసానం త్వరలోనే తెలిసింది. చెక్ ప్రతినిధిసభ 1435లో యాన్ రొకిత్సానాను ప్రాగ్ అగ్రపీఠాధిపతిగా ఎన్నుకుంది. 1471లో ఆయన చనిపోయేదాకా రోము ఆయన్ని గుర్తించలేదు. పీఠాధిపతి లేనిదే కొత్త గురువులకు అభిషేకం లేదు. గురువులు లేనిదే పాత్ర పట్టుకునే చేతులే లేవు. ఉభయరూపవాద యువకులు అభిషేకం కోసం ఇటలీదాకా పోయి, అక్కడి పీఠాధిపతులను ఆశ్రయించవలసి వచ్చింది. మంజూరు రద్దు చేయకుండానే దాన్ని ఎండగట్టే పద్ధతి ఇది. కార్యాలయాల్లో పనిచేసినవారికి కొత్త కాదు.

1462 మార్చి 31న రద్దు కూడా జరిగింది. రద్దు చేసిన పోపు రెండో పియుస్, ఒకప్పుడు బాసెల్ మహాసభలోనే కార్యదర్శిగా పనిచేసినవాడు. బొహీమియా చరిత్రను గ్రంథంగా రాసినవాడు కూడా. ఆ కాగితంలోని బలహీనతలు ఆయనకంటే బాగా ఎవరికి తెలుస్తాయి? అప్పటి బొహీమియా రాజు పొడేబ్రాడీ వంశపు యిర్జీ పాత్రను వదలడానికి ఒప్పుకోలేదు; 1466లో బహిష్కారానికి గురయ్యాడు. అయినా దేశంలో పాత్ర నిలిచింది. 1485లో కుట్నా హోరాలో రెండు పక్షాలవారూ కూర్చుని సంధి చేసుకున్నారు. ప్రభువైనా, అతని కింద బతికే రైతయినా తనకిష్టమైన రూపంలో సత్ప్రసాదం తీసుకోవచ్చు, ఎవరూ నిర్బంధించరాదు. 31 ఏళ్లకని చేసుకున్న సంధిని 1512లో శాశ్వతం చేసుకున్నారు. రోము ఇవ్వని భద్రతను ఇరుగుపొరుగువారు తమలో తాము ఇచ్చుకున్నారు. ఆ రోజుల ఐరోపాలో ఇది అరుదైన సంగతి.

ఇంతలో జర్మనీలో లూథర్ లేచాడు. సామాన్యుడికి పాత్ర ఇవ్వకపోవడం చెర వంటిదని 1520లో రాశాడు. లూథరన్ సంఘాల్లోనూ, 1547 చట్టంతో ఇంగ్లండులోనూ రెండు రూపాలు వచ్చాయి. అప్పటినుంచి పాత్ర పక్షం గుర్తు అయింది. పాత్ర తీసుకుంటే ప్రొటెస్టంటు, తీసుకోకపోతే కతోలికుడు. 1562 జులై 16న ట్రెంట్ మహాసభ తన నిర్ణయం చెప్పింది. రెండూ తీసుకోవాలన్నది అందరికీ దైవాజ్ఞ కాదు. ఒక్కదానిలోనే క్రీస్తు సంపూర్ణం. సంస్కారాల సారం చెడకుండా వాటిని ఇచ్చే తీరును మార్చే అధికారం శ్రీసభకు ఉంది. అయితే ఏదైనా ఒక దేశానికి పాత్రను అనుమతించాలా అన్న సంగతిని మహాసభ తేల్చకుండా పోపుకు వదిలింది.

చక్రవర్తి ఫెర్డినాండ్, బవేరియా ప్రభువు ఆల్‌బ్రెహ్ట్ చాలాకాలంగా దాన్నే అడుగుతున్నారు. పాత్ర ఇస్తే లూథరన్ల వైపు పోతున్న జనం ఆగుతారని వారి ఆశ. 1564 ఏప్రిల్ 16న పోపు నాలుగో పియుస్ ఒప్పుకున్నాడు. ఇది రెండో పత్రం. జర్మనీలో, ఆస్ట్రియాలో, బొహీమియాలో, హంగరీలో కొన్ని పీఠాలకు వర్తించింది. ఇచ్చినవాడికి అధికారముంది, సంతకమూ ఉంది. కాని ఇది ఎవరి హక్కునూ గుర్తించిన పత్రం కాదు. జనాన్ని నిలుపుకోవడానికి చేసిన ఏర్పాటు. పోయేవారు పాత్ర ఇచ్చినా పోయారు. ఉన్నవారికి పాత్ర తీసుకుంటే పొరుగువాడు అనుమానంగా చూస్తాడేమోనన్న జంకు. ప్రయోజనం కనబడని రాయితీకి ఆయుష్షెంత? బవేరియాలో 1571లో, ఆస్ట్రియాలో 1584లో ఉపసంహరించుకున్నారు. అడిగి తెచ్చుకున్న ఆల్‌బ్రెహ్టే తన దేశంలో దానికి స్వస్తి చెప్పాడు.

బొహీమియాలో ముగింపు మరింత కఠినం. 1620 నవంబరు 8న ప్రాగ్ సమీపంలోని తెల్లకొండ యుద్ధంలో చెక్ ప్రభువుల సైన్యం ఓడింది. మరుసటి జూన్‌లో 27 మంది నాయకులను ప్రాగ్ పాతపట్టణ చౌకులో ఉరితీశారు, తలలు నరికారు. ఆ వెనుకనే పాత్రను పూర్తిగా నిషేధించారు. ఆ చౌకుకు ఎదురుగా ఉన్న తీన్ దేవాలయపు రెండు శిఖరాల నడుమ యిర్జీ కాలంనుంచి బంగారుపూత పాత్ర ఒకటి ఉండేది. దాన్ని దించి, అక్కడ మరియమాత విగ్రహం నిలిపారు. ఆ పాత్ర లోహంతోనే మాత తల వెనుక తేజోవలయం చేశారని ప్రాగ్‌లో చెబుతారు.

సరిగ్గా ఆ కాలంలోనే, అదే రోము మరో పత్రం ఇచ్చింది. ఇది మూడోది. పోలండు-లిథువేనియా రాజ్యంలోని రుథేనియా పీఠాధిపతులు, అంటే నేటి ఉక్రెయిన్, బెలరూస్ ప్రాంతాల తూర్పు ఆచారంవారు, రోముతో ఐక్యం కావడానికి 1595లో కొన్ని షరతులు రాసి పంపారు. అందులో ఒకటి: సత్ప్రసాదం మాకు ఎప్పటినుంచో ఉన్నట్టే రెండు రూపాల్లోనూ ఉండాలి. పోపు ఎనిమిదో క్లెమెంట్ ఆ సంవత్సరం డిసెంబరులో ఐక్యతను ఆమోదించి, వారి ఆచారాలను ఉంచుకోనిచ్చాడు. 1596లో బ్రెస్ట్‌లో ఐక్యత ప్రకటించారు. నేటికీ ఉక్రెయిన్ గ్రీకు కతోలికులకు రసంలో ముంచిన రొట్టెను చెంచాతో అందిస్తారు.

ఒకే పోపుపీఠం, ఇంచుమించు పాతికేళ్ల వ్యవధిలో, ఒక జాతికి నిషేధించినదాన్ని మరొక జాతికి భద్రం చేసింది. సిద్ధాంతం ఇద్దరి విషయంలోనూ ఒక్కటే. తేడా ఎక్కడుంది? రుథేనియా పత్రం 'మీకు ఇస్తున్నాం' అనలేదు, 'మీది మీకుంటుంది' అంది. చెక్ ప్రజల చేతిలో పాత్ర ధిక్కారానికి గుర్తు, రుథేనియావారి చేతిలో తాతముత్తాతల ఆచారం. పాత్ర అదే, పట్టుకున్న చేతిని బట్టి విలువ కట్టారు. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా ఆలోచింపజేసిన చోటు ఇదే.

నాలుగో పత్రానికి మూడున్నర శతాబ్దాలు ఆగాలి. 1963 డిసెంబరు 4న రెండో వాటికన్ మహాసభ ఆరాధన సంస్కరణ శాసనాన్ని ఆమోదించింది. ట్రెంట్ సిద్ధాంతం అలాగే ఉంటుందంటూనే, పీఠాధిపతులు తగునని భావించిన సందర్భాల్లో గృహస్థులకు కూడా రెండు రూపాల్లో ఇవ్వవచ్చునని దాని 55వ పేరా చెబుతుంది. పోపు ఆరో పౌలు సంతకం చేశాడు. ఏ దేశాన్నీ, ఏ పక్షాన్నీ పేరుపెట్టి ఇచ్చింది కాదు. లాటిన్ ఆచారపు శ్రీసభకంతటికీ ఇచ్చింది. 1970 నాటి నియమాల జాబితాలో కొత్తగా జ్ఞానస్నానం పొందిన పెద్దలు, పెళ్లిపూజలో వధూవరులు ఉన్నారు. కతోలిక బంధువుల పెళ్లికి వెళ్లిన మన పాఠకుల్లో కొందరు వధూవరులకు గురువు పాత్ర అందించడం చూసివుంటారు. 2002లో వచ్చిన పూజాగ్రంథపు మూడో ముద్రణతో పీఠాధిపతుల విచక్షణ ఇంకా పెరిగింది. రెండు రూపాల్లో తీసుకున్నప్పుడు ఆ భోజనం గుర్తుగా మరింత నిండుగా ఉంటుందని ఆ నియమావళి చెబుతుంది. 1983 నాటి శ్రీసభ చట్టంలోని 925వ సూత్రం అవసరమైతే రసం ఒక్కటే ఇవ్వడానికి కూడా వీలు కల్పించింది. గోధుమ సరిపడని రోగులకు అది ఆదుకుంటుంది.

1999 డిసెంబరులో పోపు రెండో జాన్ పాల్, హుస్‌కు కలిగించిన క్రూరమైన మరణానికి గాఢమైన విచారం తెలిపాడు. ఆ మరణానికి అప్పటికి 584 ఏళ్లు.

2020లో కరోనా వచ్చినప్పుడు, పాత్ర ఇచ్చే దేశాల్లో కూడా చాలా పీఠాలు దాన్ని ఆపేశాయి. అక్వినాస్ చెప్పిన కారణమే, జాగ్రత్త. ఎవరూ జెండా ఎత్తలేదు. తాత్కాలికమని అందరికీ తెలుసు. తమను తక్కువ చేయడానికి కాదనీ తెలుసు. 1415లో కూడా ఆపింది పాత్రనే. ఆపిన తీరులో మాత్రం ఎంతో దూరముంది.

నాలుగో పత్రం కూడా అనుమతే, హక్కు కాదు. ఒక పీఠంలో ఇవ్వవచ్చు, పక్క పీఠంలో ఇవ్వకపోవచ్చు. మన తెలుగు విచారణల్లో సాధారణ ఆదివారాల్లో అప్పమే అందుతోంది. అందువల్ల ఎవరి భక్తికీ లోటు రాలేదు. నాకు తెలిసిన ఎందరో కతోలికులు ఆ అప్పంతోనే తృప్తిగా ఉన్నారు. వారి తృప్తిని ప్రశ్నించడం నా ఉద్దేశం కాదు.

రాష్ట్రం వెలుపల తరాలుగా ఉంటున్న మనకు అనుమతికీ హక్కుకూ ఉన్న తేడా బాగానే తెలుసు. రాజ్యాంగం 30వ అధికరణం భాషా అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కుందని చెబుతుంది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణం, పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సదుపాయాలు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని చెబుతుంది. హక్కు, సదుపాయం. రెండూ మంచి మాటలే. కాని పీఠాధిపతిని నియమించకుండా పాత్రను ఎండగట్టినట్టు, ఉపాధ్యాయుణ్ణి నియమించకుండా తరగతిని ఎండగట్టవచ్చు. అందుకే మన చేతికి ఏ ఉత్తర్వు వచ్చినా సంబరపడేముందు ఒకసారి నిదానంగా చదువుకోవాలి: అది 'మీకిస్తున్నాం' అంటోందా, 'మీది మీకుంటుంది' అంటోందా?